ద్వీపాల్లో పాదరసం: సామాన్ల లెక్క వేరు, ఒంట్లో లెక్క వేరు

మారిషస్‌లో ఇళ్ల చెత్త, హోటళ్ల చెత్త అంతా చివరికి చేరేది ఒక్కచోటికే. అది ద్వీపానికి ఆగ్నేయాన ఉన్న మార్ షికోజ్ ల్యాండ్‌ఫిల్. ఏటా దాదాపు 5 లక్షల టన్నులు వస్తాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం (యూనెప్) తయారుచేసిన పాదరసం లెక్కల ఎక్సెల్ షీటు తెరిచి, చెత్త వరుసలో ఈ అంకె వేస్తే చాలు. టన్నుకు 5 గ్రాముల చొప్పున తనే గుణించుకుని 2,500 కిలోల పాదరసం అని చూపిస్తుంది. అదే షీటులో బొగ్గు వరుసకు దిగి, చక్కెర మిల్లులను ఆనుకుని ఉన్న విద్యుత్ కేంద్రాలు ఏడాదికి సుమారు 7 లక్షల టన్నులు కాల్చాయని వేస్తే వచ్చేది 105 కిలోలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసిన అధికారి ఎవరైనా డబ్బంతా చెత్త మీదే పెట్టాలంటారు.

చిక్కేమిటంటే ఆ 2,500 కిలోలను ఎవరూ కొలవలేదు. టన్నుకు 5 గ్రాములన్నది 1 నుంచి 10 గ్రాముల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని అనుకున్నప్పుడు, నడిమధ్యకు దగ్గరగా పెట్టిన అంచనా. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ అంకె నిజమే అనుకున్నా, మారిషస్‌లో గర్భిణుల తలవెంట్రుకల్లో ఎంత పాదరసం ఉందో అది చెప్పదు. వాళ్ల ఒంట్లోకి అది వచ్చే దారి మార్ షికోజ్ కాదు, చేపల కూర. చిన్న ద్వీప దేశాల్లో పాదరసం పని తరచూ ఇక్కడే దారి తప్పుతోంది. దేశంలో ఉన్న పాదరసం ఒక ఖాతా, మనుషుల ఒంట్లో చేరే పాదరసం ఇంకో ఖాతా. రెండూ కలిపి రాస్తే రెండూ తప్పుతాయి.

ఎక్కడి పొగ, ఎక్కడి చేప

2015లో మనుషుల పనుల వల్ల ప్రపంచమంతటా గాల్లో కలిసిన పాదరసం సుమారు 2,220 టన్నులని యూనెప్ లెక్క. అందులో 38 శాతం దాకా చిన్నతరహా బంగారు తవ్వకాలదే. ఆ తర్వాత పెద్ద వాటా బొగ్గుది. ఖండాల వారీగా చూస్తే సగానికి దగ్గరగా ఆసియా నుంచే వస్తుంది. చిన్న ద్వీపాల వాటా ఈ మొత్తంలో కనిపించనంత తక్కువ. పాదరసం ఆవిరి గాల్లో నెలల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి, ఒకచోట పైకెళ్లింది భూగోళం చుట్టి వేరొకచోట సముద్రంలో దిగుతుంది. అక్కడ వందల మీటర్ల లోతున, ఆక్సిజన్ తక్కువగా ఉండే పొరల్లో సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా, అంటే చేపల్లోనూ మనుషుల్లోనూ పేరుకునే పాదరసం రూపంగా మారుస్తాయి. ఉత్తర పసిఫిక్ చేపల్లోని పాదరసం ఐసోటోపులను (ఒకే మూలకానికి ఉండే, బరువులో తేడా ఉన్న రూపాలను) పరీక్షించిన శాస్త్రవేత్తలు, మిథైల్ మెర్క్యురీలో 80 శాతం దాకా పైపొర కింద తయారైనదేనని 2013లో తేల్చారు. లోతుకు దిగి మేసే బిగ్‌ఐ ట్యూనాలో ఎక్కువ, పైపైన తిరిగే స్కిప్‌జాక్‌లో తక్కువ ఉండడానికి ఇదొక కారణం.

2013 అక్టోబరులో జపాన్‌లో ఆమోదం పొంది, 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చిన, పాదరసాన్ని కట్టడి చేసే మినమాటా ఒప్పందం ఈ పనికి చట్టబద్ధమైన చట్రం. అందులో చేరిన, చేరాలనుకునే దేశాలకు తొలి అంచనా తయారుచేసుకోవడానికి ప్రపంచ పర్యావరణ నిధి డబ్బిస్తుంది. 2017లోనే చేరిన మారిషస్‌తో పాటు సీషెల్స్, ట్రినిడాడ్ టొబాగో, జమైకా, సెయింట్ లూసియా వంటివి ఆ దారిలో నడిచినవే. గయానా, సురినామ్‌లు కూడా అధికారిక జాబితాలో చిన్న ద్వీప దేశాలే కానీ, అక్కడిది బంగారు తవ్వకాల సమస్య. నదుల్లో పాదరసం నేరుగా కలిసే ఆ దేశాలకు ఇక్కడ చెప్పే క్రమం పూర్తిగా వర్తించదు.

సామాన్ల ఖాతా రాసేటప్పుడు

యూనెప్ టూల్‌కిట్‌లో (మొదట చెప్పిన షీటు దీనిదే) రెండు అంచెలున్నాయి. లెవెల్ 1 సిద్ధంగా ఉన్న గుణకాలతో, అంటే టన్నుకు ఇన్ని గ్రాములన్నలాంటి అంకెలతో నడుస్తుంది. జనాభా, విద్యుత్ సౌకర్యం, దిగుమతులు, ఇంధనం వివరాలు వేస్తే చాలు. లెవెల్ 2లో దేశం తన సొంత కొలతలను వాడుకోవచ్చు. చిన్న ద్వీపాలు దాదాపు అన్నీ లెవెల్ 1తో మొదలుపెడతాయి. అందులో తప్పేమీ లేదు, అక్కడే ఆగిపోవడం తప్పు.

చెత్త వరుస సంగతే చూద్దాం. థర్మామీటర్, బ్యాటరీ, ట్యూబ్‌లైట్ల పాదరసం ఆయా వస్తువుల వరుసల్లో ఒకసారి లెక్కకొస్తుంది. అవే పాడై చెత్తలోకి వెళ్తాయి కాబట్టి చెత్త వరుసలో రెండోసారి వస్తుంది. ఈ డబుల్ లెక్క తగ్గించడానికి లెవెల్ 1 షీటు దేశం మొత్తానికి కలిపేటప్పుడు చెత్త పాదరసంలో 10 శాతమే తీసుకుంటుంది. అంటే మార్ షికోజ్ 2,500 కిలోలు మొత్తంలో 250 కిలోలుగా కలుస్తుంది. నివేదికలు రాసేవాళ్లు ఈ సవరణ గమనించక, బొమ్మల్లో 2,500, పట్టికలో 250 వేసి పాఠకుణ్ని తికమక పెట్టడం కద్దు. మురుగునీటిదీ ఇదే వరస. ఘనపు మీటరుకు 5.25 మిల్లీగ్రాములన్న డిఫాల్టు అంకె చిన్నదిగా కనిపిస్తుంది కానీ, కోటి ఘనపు మీటర్లకు అది 52.5 కిలోలవుతుంది. శుద్ధి కేంద్రం బురదను నాలుగు నెలలకోసారి పరీక్షిస్తే నిజం తెలిసిపోతుంది. ఆ పరీక్ష ఖర్చు కన్సల్టెంటు ఒక్కరోజు ఫీజు కన్నా తక్కువే ఉంటుంది.

బొగ్గు విషయంలో గుణకం టన్నుకు 0.15 గ్రాములు, దాని పరిధి 0.05 నుంచి 0.5 దాకా. అంటే మారిషస్ 105 కిలోలు నిజానికి 35 కావచ్చు, 350 కావచ్చు. మారిషస్ బొగ్గు ప్రధానంగా దక్షిణాఫ్రికా నుంచి ఓడల్లో వస్తుంది. కాబట్టి ఒక్కో ఓడ నుంచి, దించుతున్నంతసేపూ నిర్ణీత వ్యవధిలో నమూనాలు తీసి కలిపి, పొడిచేసి, అందులోంచి చిన్న భాగాన్ని పరీక్షిస్తే పరిధి ఒక్కసారిగా కుదించుకుపోతుంది. చెరకు పిప్పి కాల్చే నెలలు, బొగ్గు కాల్చే నెలలు వేరు కాబట్టి బూడిదను కూడా రెండు కాలాల్లోనూ తీయాలి. పొగ గొట్టంలోంచి వెళ్లనిది బూడిదలో ఉంటుంది, ఆ బూడిద ఎక్కడ పోస్తున్నారన్నది తర్వాతి ప్రశ్న.

దహన సంస్కారాల వరుస తెలుగువాళ్లకు దగ్గరి విషయం. మారిషస్ జనాభాలో దాదాపు సగం హిందువులు. వారిలో కోరంగి రేవు నుంచి వెళ్లిన కూలీల వారసులైన తెలుగువాళ్లూ ఉన్నారు, అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. దేశంలో ఏటా సుమారు 11 వేల మరణాలు. సగం దహనమే అనుకుంటే 5,500. ఒక్కో దేహానికి 2.5 గ్రాముల డిఫాల్టు గుణకం వేస్తే దాదాపు 14 కిలోలు. ఈ 2.5 గ్రాములు ఎక్కడివి? పళ్లలో పూడ్చిన అమాల్గం ఫిల్లింగులవి. ఆ మిశ్రమంలో సగం పాదరసమే. కానీ ఈ గుణకం నోట్లో అయిదారు ఫిల్లింగులుండే సంపన్న దేశాల జనాన్ని చూసి కట్టింది. పుచ్చిన పన్ను పీకించుకోవడమే వాడుకగా ఉన్న తరం ఇప్పుడు కాలం చేస్తున్న చోట అది పొసగదు. దంతవైద్యులు 50 ఏళ్లు దాటిన రోగుల్లో ఫిల్లింగులెన్నో ఒక్క నెల రాసిపెడితే స్థానిక గుణకం దొరుకుతుంది. ఇలాంటి చిన్న పనిని ఎవరూ చేయకపోవడం వల్లే ఒక సంప్రదాయం మీద అనవసరమైన నింద పడుతుంది.

షీటు పట్టించుకోనివి కూడా ఉన్నాయి. పాత లైట్‌హౌస్‌లలో తిరిగే భారీ కటకం రాపిడి లేకుండా తేలడానికి పాదరసం తొట్టి వాడేవారు. ఒక్కో తొట్టిలో పదుల కిలోల నుంచి వందల కిలోల దాకా ఉంటుంది. ద్వీపమన్నాక లైట్‌హౌస్ ఉంటుంది, కాబట్టి ఓడరేవుల శాఖకు ఒక ఉత్తరం రాయడం మొదటి వారం పని కావాలి. బడుల ప్రయోగశాలల్లో గాజు సీసాల్లో మిగిలిన పాదరసం, పాత చక్కెర మిల్లుల్లో పీడన కొలమానాలు, వాతావరణ కేంద్రాల్లో బారోమీటర్లు కూడా అంతే. వీటిని వెళ్లి చూసి రాసుకోవాల్సిందే, గుణకాలతో పట్టుబడవు.

ఇంకొకటి భారతదేశం నుంచే వెళ్తుంది. పూజకు కొనే పాదరస లింగాలు, రససిందూరం, మకరధ్వజం లాంటి మందులు. సంప్రదాయ, మతపరమైన ఆచారాల్లో వాడే వస్తువులను మినమాటా ఒప్పందం నిషేధం నుంచి మినహాయించింది. మినహాయింపు ఉన్నంత మాత్రాన లెక్కలో ఉండకూడదని కాదు. రససిందూరంలోని పాదరసం గంధకంతో కలిసి ఉంటుంది కాబట్టి నీళ్లలో కరగదు కానీ, చెత్తతో కాలితే ఆవిరై బయటికొస్తుంది. దుకాణదారులతో మర్యాదగా మాట్లాడితే ఏడాదికి ఎంత అమ్ముతారో చెబుతారు. దాడులు చేస్తే సరుకు కౌంటరు కిందికి పోతుంది, అంకె ఎప్పటికీ దొరకదు.

కస్టమ్స్ వివరాలు చూసి మోసపోవడం కూడా మామూలే. ద్రవంతో పనిచేసే థర్మామీటర్లన్నిటికీ ఒకటే కోడ్ 9025.11. అందులో ఉన్నది పాదరసమో, ఎర్రరంగు ఆల్కహాలో కోడ్ చెప్పదు. ఫ్లోరసెంట్ దీపాల 8539.31 కూడా అలాంటిదే. విడి పాదరసానికైతే 2805.40 అని సొంత కోడ్ ఉంది. అందుకే జాతీయ స్థాయిలో కోడ్ చివర మరో రెండంకెలు చేర్చి పాదరసం ఉన్నవి, లేనివి వేరుచేయడం కస్టమ్స్ శాఖ చేయగల అతి చవకైన, అతి ఉపయోగకరమైన పని.

ఒంట్లో ఖాతా: వెంట్రుక చెప్పేది

మిథైల్ మెర్క్యురీ రక్తంలోంచి వెంట్రుకలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. వెంట్రుకలో ఉండే మోతాదు రక్తంలో ఉన్నదానికి సుమారు 250 రెట్లు. వెంట్రుక నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, మాడును ఆనుకుని ఉన్న 3 సెంటీమీటర్ల ముక్క గత మూడు నెలల తిండిని చెబుతుంది. ద్వీపాలకు ఇందులో ఇంకో వెసులుబాటుంది. రక్తంలా ఫ్రీజర్, సూదులు అక్కర్లేదు, మామూలు కవరులో పోస్టులో పంపొచ్చు.

తీసే పద్ధతిలో మాత్రం పట్టు ఉండాలి. తల వెనక భాగంలో, రెండు చెవుల మధ్య గీత గీసినట్టు ఊహించుకుని, అక్కడ పైజుట్టు పక్కకు క్లిప్పు పెట్టి, కింది పొరలోంచి అగ్గిపుల్ల మందాన పాయ తీయాలి. మాడు వైపు కొసకు దగ్గర్లో దారంతో ముడివేశాకే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తెరతో మాడును ఆనించి కత్తిరించాలి. ముడి మర్చిపోతే ఏది మాడు వైపో, ఏది కొస వైపో తెలియక నమూనా వృథా. కాగితానికి మాడు వైపు బాణం గుర్తువేసి అంటించి, కవరులో పెట్టాలి. 20 నుంచి 50 మిల్లీగ్రాములు చాలు. ఒక్కో ప్రాంతంలో కనీసం 30 మంది, 18 నుంచి 44 ఏళ్ల మహిళలు కావాలి. వెంట్రుక ఇచ్చిన ప్రతి మనిషికీ ఫలితం, దాని అర్థం తిరిగి చెప్పకపోతే రెండోసారి ఎవరూ తల వంచరు, అది న్యాయమే.

ప్రశ్నపత్రంలో రెండు ప్రశ్నలు తప్పనిసరి. జుట్టుకు రసాయనాలతో స్ట్రెయిటెనింగ్ లేదా పర్మింగ్ చేయించారా? అయితే పాదరసం కొంత పోయి ఫలితం తక్కువగా వస్తుంది. ఒంటికి తెల్లబరిచే క్రీములు రాస్తారా? అయితే క్రీములోని అకర్బన పాదరసం వెంట్రుక బయటికి అంటుకుని ఫలితం ఎక్కువగా వస్తుంది, నేరం చేప మీద పడుతుంది. రెండో ప్రశ్నకు అవునంటే మూత్ర పరీక్ష కూడా చేయాలి, మూత్రం పలచగా ఉందో చిక్కగా ఉందో చెప్పే క్రియాటినిన్‌తో సరిచూసి మరీ. అకర్బన పాదరసం అక్కడ కనబడుతుంది, చేపది కనబడదు.

హద్దుల దగ్గర కూడా గందరగోళముంది. అమెరికా పర్యావరణ సంస్థ హద్దు రోజుకు కిలో బరువుకు 0.1 మైక్రోగ్రాము, వెంట్రుకలో అది సుమారు 1 పీపీఎంతో (గ్రాముకు 1 మైక్రోగ్రాముతో) సమానం. ఐరాస ఆహార, ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం హద్దు వారానికి కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాములు, వెంట్రుకలో 2.2 పీపీఎం ప్రాంతం. 25 దేశాల్లో 1,044 మంది మహిళల వెంట్రుకలు పరీక్షించిన 2017 నాటి అధ్యయనంలో 42 శాతం మంది 1 పీపీఎం దాటారు. చేపే ప్రధాన ఆహారమైన పసిఫిక్ ద్వీపాల మహిళలు పెద్ద అంకెల వైపే ఉన్నారు.

అయితే అంకె ఎక్కువ కాగానే జబ్బు అన్న తీర్పు ఇవ్వలేం. సీషెల్స్‌లో 1989-90లో మొదలైన ప్రధాన అధ్యయనంలో 779 తల్లీబిడ్డల జంటలున్నాయి. తల్లులు వారానికి సుమారు 12 పూటలు చేప తినేవారు, వెంట్రుకల్లో సగటు 6.8 పీపీఎం. పిల్లలు పెరిగేకొద్దీ చేసిన పరీక్షల్లో నిలకడగా కనిపించే నష్టం తేలలేదు. అదే సమయంలో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1986-87లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని చూశారు. అక్కడి తల్లుల సగటు ఇంతకన్నా తక్కువే. అయినా ఏడేళ్ల వయసులో భాష, జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల్లో తగ్గుదల కనిపించింది. తేడా ఎక్కడుంది? ఫారోలో పాదరసం పైలట్ వేల్ అనే తిమింగలం మాంసం నుంచి, అప్పుడప్పుడు పెద్ద మోతాదుల్లో వస్తుంది, వెంట పీసీబీలనే పారిశ్రామిక విష రసాయనాలను తెస్తుంది. సీషెల్స్‌లో రోజూ కొంచెం కొంచెంగా, ఒమేగా-3 కొవ్వులతో కలిసి వస్తుంది. ఆ పోషకాలు కొంత నష్టాన్ని పూడుస్తున్నాయన్నది బలమైన వివరణ. ఫారో వైద్యాధికారులు 2008లో పైలట్ వేల్ మాంసం మనుషులు తినదగ్గది కాదన్నారు. సీషెల్స్‌లో చేప మానేయమంటే మాత్రం అది ప్రజారోగ్యానికి ద్రోహమే అయ్యేది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. పసిఫిక్ ద్వీపాల్లో చేప తగ్గిన చోట ఆ ఖాళీలోకి వచ్చింది డబ్బా మాంసం, తెల్లబియ్యం, తీపి పానీయాలు. ప్రపంచంలో మధుమేహం అత్యధికంగా ఉన్న దేశాల్లో ఆ ద్వీపాలు ముందుంటాయి. పాదరసం పేరుచెప్పి భయపెట్టే ఒక్క టీవీ కార్యక్రమం తల్లుల్ని చేప నుంచి డబ్బా మాంసానికి తరిమితే, ఆ నష్టం ముందు పాదరసం నష్టం చిన్నది.

ఏ చేప, ఎంత

అందుకే ఇవ్వాల్సిన సలహా చేప మానమని కాదు, చేప మార్చమని. లెక్క తేలికే. 60 కిలోల బరువున్న మహిళకు వారానికి కిలో బరువుకు 1.6 చొప్పున 96 మైక్రోగ్రాములు హద్దు. కత్తిచేప, అంటే మన తీరంలో కొమ్ముకోనాం అనే జాతులకు దగ్గరిది, గ్రాముకు దాదాపు 1 మైక్రోగ్రాము పాదరసంతో ఉంటుంది. వారానికి 96 గ్రాములు, అంటే ఒక్క ముక్కతో హద్దు అయిపోతుంది. బిగ్‌ఐ ట్యూనా 0.69 దగ్గర ఉంటుంది, 140 గ్రాములు. స్కిప్‌జాక్ 0.14 అనుకుంటే 680 గ్రాముల పైమాటే, నాలుగైదు పూటలకు సరిపోతుంది. కవళ్లు, నెత్తళ్లలాంటి చిన్న చేపల్లో 0.013 నుంచి 0.016 మాత్రమే, హద్దు చేరాలంటే వారానికి ఆరేడు కిలోలు తినాలి. ఇవి అమెరికా ఆహార ఔషధ సంస్థ సగటులు. స్థానిక చేపలకు స్థానిక కొలతలే ఉండాలి. వేపుడైనా పులుసైనా పాదరసం పోదు, నీరు ఇగిరిపోయి గ్రాముకు మోతాదు ఇంకా పెరుగుతుంది.

స్థానిక కొలతలకు రేవులోనే నమూనా తీయాలి. తల ముందు కొస నుంచి తోక చీలిక దాకా పొడవు, బరువు, పట్టిన చోటు రాసుకోవాలి. వెన్ను రెక్క కింద తోలు లేకుండా కండ ముక్క తీసి, మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి. పొడవు రాయని నమూనాతో ఉపయోగం దాదాపు సున్నా. ఒకే జాతిలో చిన్న చేపకూ పెద్ద చేపకూ మోతాదు అనేక రెట్లు మారుతుంది. ఈ ఏడాది పెద్దవి, మరుసటేడు చిన్నవి తీసి పాదరసం తగ్గిందని ప్రకటించుకున్నా పట్టుకోలేం. చేప కండలో మొత్తం పాదరసంలో 90 శాతం పైగా మిథైల్ రూపమే కాబట్టి మామూలు తనిఖీకి మొత్తం పాదరసం చూస్తే చాలు, ఖరీదైన రూపభేద పరీక్ష అక్కర్లేదు.

ల్యాబులో ఎక్కువగా దొర్లే తప్పు తడి బరువు, పొడి బరువుల మధ్య. చేపలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. ఎండబెట్టి పొడిచేసి కొలిచిన 2 పీపీఎంను తడి బరువు హద్దుతో పోల్చితే సంచలనం, సరిగా మారిస్తే 0.4 లేదా 0.5. ఆరేడు నమూనాలకు ఒకసారి డార్మ్-4 లాంటి, పాదరసం మోతాదు ముందే తెలిసిన ప్రామాణిక చేపపొడి పెట్టాలి. దాని విలువ 0.41 పీపీఎం. అది 10 శాతం అటూఇటూలో రాకపోతే ఆ విడత అంతా మళ్లీ చేయాలి.

సలహా కాగితం ఎవరికి చేరుతుందన్నది కూడా ఆలోచించాలి. గర్భిణుల క్లినిక్‌లో నర్సు చేతిలో, స్థానిక భాషలో, స్థానిక పేర్లతో, బొమ్మలతో ఉన్న ఒక్క పేజీ పనిచేస్తుంది. మారిషస్‌లో అయితే క్రియోల్‌లో ఉండాలి. పైవరుసలో రోజూ తినదగ్గవి, కిందివరుసలో గర్భంతో ఉన్నప్పుడు వదిలేయాల్సినవి. పైవరుస పెద్దగా, ముందుగా కనిపించాలి.

ఉన్నదాన్ని దేశం దాటించడం

సామాన్ల ఖాతాలో తొందరగా ఫలితమిచ్చేది ఆసుపత్రి. పాదరసం బీపీ మిషన్ ఒక్కదాంట్లో 80 గ్రాముల దాకా, థర్మామీటర్‌లో 1 గ్రాము, సీఎఫ్‌ఎల్ బల్బులో 5 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. అంటే ఒక్క బీపీ మిషన్ 16 వేల బల్బులకు సమానం. ఊరూరా బల్బుల డబ్బాలు పెట్టి ఫొటోలు దిగేముందు ఆసుపత్రి అల్మారాలు ఖాళీ చేయించాలి.

ఇక్కడ జరిగే పొరపాటు క్రమంలో ఉంటుంది. ముందు పాతవి తీసుకెళ్లి, కొత్తవి టెండరు అయ్యాక ఇస్తామంటారు. నర్సులు నాలుగైదు దాచేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం, రేపు రోగి వస్తే చూడాలి. కొత్తవి ముందు తేవాలి, అదే రోజు అక్కడికక్కడే మార్పిడి చేయాలి. డిజిటల్ అయితే గుర్తింపు పొందిన ప్రమాణాలతో పరీక్షించినవి, బ్యాటరీల సరఫరాతో సహా ఇవ్వాలి. ముల్లు తిరిగే అనెరాయిడ్ రకమైతే ఆరు నెలలకోసారి సరిచూసే మనిషి ఎవరో ముందే తేల్చాలి. అది లేక రీడింగులు తప్పుతున్నాయనే డాక్టర్లు పాత మిషన్లకు తిరిగి వెళ్తారు.

బీపీ మిషన్‌ను విప్పి పాదరసం సీసాలో పోయకూడదు. మిషన్‌ను పాదరసం గిన్నె వైపుకు కొంచెం వంచి, గాజు గొట్టంలోది కిందికి దిగాక, మీట మూసి, మూత బిగించి, రెండు జిప్ సంచుల్లో ఒకదాంట్లో ఒకటి పెట్టి, నిలువుగా గట్టి ప్లాస్టిక్ డ్రమ్ములో అమర్చాలి. థర్మామీటర్లు వాటి ప్లాస్టిక్ గొట్టాల్లోనే ఉండాలి. అల్యూమినియం పాత్ర ఏదీ దగ్గరికి రానివ్వకూడదు, పాదరసం దాన్ని తినేస్తుంది. విమానాల్లో పాదరసం మీద అంత కట్టడి అందుకే. ఒకటి పగిలితే వ్యాక్యూమ్ క్లీనర్, చీపురు రెండూ నిషిద్ధం. మొదటిది ఆవిరిని గదంతా చిమ్ముతుంది, రెండోది బొట్లను ఇంకా చిన్నవి చేస్తుంది. కిటికీలు తెరిచి, ఏసీ ఆపి, అట్టముక్కతో బొట్లు కలిపి, డ్రాపర్‌తో తీసి, మిగిలిన మెరుపుల్ని టేపుతో అద్ది ఎత్తి, అన్నీ మూతపెట్టిన సీసాలో వేయాలి.

నిల్వగదికి ఉష్ణమండలంలో వేడే శత్రువు. 20 డిగ్రీల్లో గాలి ఘనపు మీటరుకు 13 మిల్లీగ్రాముల పాదరసం ఆవిరిని పట్టగలదు, 30 డిగ్రీలకు అది రెట్టింపు దాటుతుంది. పనిచేసేవాళ్లకు హద్దుగా చాలా దేశాలు పెట్టుకున్నది 0.02 నుంచి 0.025 మిల్లీగ్రాములే. కాబట్టి రేకుల షెడ్డు పనికిరాదు. పగుళ్లు లేని ఎపాక్సీ నేల, గుమ్మం దగ్గర గట్టు, డ్రమ్ముల కింద కారినదంతా పట్టే పళ్లెం, విడిగా బయటికి పోయే గాలి గొట్టం, తుపాను వరద అందని ఎత్తు కావాలి. మారిషస్‌లో లా షోమియర్ దగ్గర ప్రమాదకర వ్యర్థాల తాత్కాలిక నిల్వ కేంద్రం ఉండడం ఆ దేశానికి పెద్ద ఊరట. చాలా ద్వీపాలకు అలాంటిది లేదు, అక్కడ మూత బిగించిన షిప్పింగ్ కంటైనరును నీడలో పెట్టి సర్దుకుంటారు.

తాత్కాలికమన్న మాట నిలబడాలంటే ఎగుమతి కాగితాలు సేకరణ మొదలైన రోజే కదలాలి. ప్రమాదకర వ్యర్థాలను దేశాలు దాటించడం మీద ఉన్న బాసెల్ ఒప్పందం కింద పంపే దేశం, తీసుకునే దేశం మాత్రమే కాదు, ఓడ ఆగే ప్రతి దేశమూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నెలలు పడుతుంది. అనుమతికి గడువుంటుంది, ఓడ ఆలస్యమైతే మళ్లీ మొదటికి. సరుకేమో అర కంటైనరు కూడా నిండదు, ఏ షిప్పింగ్ కంపెనీకీ ఆసక్తి ఉండదు. పొరుగు ద్వీపాలు కలిసి ఒకే ఓడకు ఎక్కించుకోవడమే దారి. ఎవరి కాగితాలు వారివే, తేదీలు మాత్రం కలవాలి. చివరకు జపాన్‌లోని హొక్కాయిడోలో ఉన్న ఇటోముకా వంటి కేంద్రాల్లో పాదరసాన్ని వేరుచేసి, గంధకంతో కలిపి కరగని సల్ఫైడుగా మారుస్తారు. 33 చిన్న ద్వీప దేశాలకు పనిచేసే ప్రపంచ పర్యావరణ నిధి ‘ఐలాండ్స్’ కార్యక్రమం డబ్బును ఇలాంటి ఉమ్మడి ఓడల మీద పెట్టడం నివేదికల మీద పెట్టడం కన్నా మేలు.

బల్బులకు నిజమైన పరిష్కారం దిగుమతి దగ్గరే ఉంది. ఒప్పందం ప్రకారం సీఎఫ్‌ఎల్‌లకు రకాన్ని బట్టి 2025, 2026 గడువు, ట్యూబ్‌లైట్లకు రకాన్ని బట్టి 2026, 2027. పెద్ద దేశాల్లో అమ్ముడుపోని సరుకు ఆ గడువులకు ముందూ వెనకా చవగ్గా ద్వీపాలకు వచ్చిపడుతుంది. ఆపాల్సింది ఆ కంటైనర్లను. పాత ట్యూబ్‌లను పగలగొట్టి డ్రమ్ములో నింపే యంత్రం అమ్మడానికి ఎవరో వస్తారు. ఫిల్టరు మార్చేవాడు లేని చోట అది ఆవిరి చిమ్మే యంత్రమే. అట్టపెట్టెల్లో విరగకుండా పెట్టడం మేలు.

తెల్లబరిచే క్రీములు ఈ ఖాతాలో బరువుకు చిన్నవి, హానికి పెద్దవి. ఒకప్పుడు 1 పీపీఎం దాకా అనుమతి ఉండేది. 2023లో జెనీవాలో జరిగిన సభ్యదేశాల సమావేశం ఆ వెసులుబాటు తీసేసి, 2025 తర్వాత పాదరసం కలిపిన సౌందర్య సాధనాలేవీ ఉండకూడదంది. పట్టుబడే క్రీముల్లో వేల పీపీఎంలు ఉంటాయి. జమైకా, శ్రీలంక, గాబన్‌లలో వీటి మీదే 2023లో కోటీ 40 లక్షల డాలర్ల ప్రాజెక్టు మొదలైంది. ఎక్స్ కిరణాలతో మూలకాలను గుర్తించే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరంతో డబ్బా మూత తీసి నిమిషంలో చూడొచ్చు. వేలల్లో చూపిస్తే ఆ రీడింగును నమ్మొచ్చు. పదుల్లో చూపిస్తే నమ్మకూడదు, క్రీములో ఉండే జింక్ ఇచ్చే సంకేతం పాదరసం సంకేతానికి దగ్గరగా పడుతుంది కాబట్టి దాన్ని ల్యాబుకు పంపాలి. ఇవి కంటైనర్లలో కన్నా సూట్‌కేసుల్లో, పోస్టు పొట్లాల్లో ఎక్కువగా వస్తాయి. తల్లి రాసుకున్నది తువ్వాళ్ల నుంచి, చేతుల నుంచి చంటిబిడ్డకు అంటుతుంది. కాబట్టి ఒకరికి మూత్రంలో ఎక్కువ వస్తే ఇంట్లో అందరినీ పరీక్షించాలి.

ఇక తిరిగి కొలిచే సమయం. సామాన్ల ఖాతాను రెండు మూడేళ్లలోనే సరిచూడొచ్చు, ఆసుపత్రుల్లో ఎన్ని మిషన్లు పోయాయో, ఎన్ని కిలోలు ఓడెక్కాయో చెప్పే రసీదులుంటాయి. వెంట్రుకల్లో మార్పు సలహా కాగితం వెళ్లిన ఏడాదికే కనిపించాలి. రక్తంలో మిథైల్ మెర్క్యురీ రెండు నెలలకు అటూఇటూగా సగానికి తగ్గుతుంది కాబట్టి, తినే చేప మారితే ఏడాదిలో తెలిసిపోతుంది. చేపల్లో మార్పుకు మాత్రం దశాబ్దాలు పడుతుంది, అది దూర దేశాల చిమ్నీల మీద ఆధారపడింది. ఒకే జాతి, ఒకే పొడవు, ఒకే రుతువులో ఏటా 20 చేపల కండ తీసి, సగం పరీక్షకు పంపి, సగం ఫ్రీజర్‌లో దాచాలి. పెద్ద దేశాలు ఒప్పందం కింద ఇచ్చిన మాట నిలుపుకున్నాయో లేదో అడిగేందుకు ద్వీపాల చేతిలో ఉండే సాక్ష్యం అదే, దానికి అయ్యే ఖర్చు ఒక ఫ్రీజరు, దాని కరెంటు బిల్లు, జనరేటరు.